ఈశాన్యంలో బోరు

మా పెరట్లో గోడ ఒకటి బావి మీదుగా పోయేది. బావి పక్క నుంచి కాదు, సరిగ్గా బావి నడినోటి మీద నుంచి. కరీంనగర్ పాత గల్లీల్లో అన్నదమ్ములు వేరుపడ్డ ఇళ్లు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

తాత కట్టించినప్పుడు ఇల్లు ఒకటే. మా నాన్న బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు వేరుపడిన రోజు పెద్దమనుషులు వచ్చి పొడవునా తాడు పట్టారు. పెద్దవాడికి దక్షిణం, చిన్నవాడికి ఉత్తరం అని ఆనవాయితీ ప్రకారం తేల్చారు. ఆ తాడు తిన్నగా బావి నడుమ నుంచి పోయింది. బావిని ఎవరికి రాసినా రెండోవారు ఊరుకోరు. అందుకని బావి నోటికి అడ్డంగా పొడుగాటి రాతిబండలు పరిచి, వాటి మీద గోడ లేపారు. మా వైపు ఒక గిరక, వాళ్ల వైపు ఒక గిరక. బండల కింద మాత్రం బావి ఒకటే. నీళ్లను పంచే మేస్త్రీ మాత్రం ఎవరికీ దొరకలేదు.

మునిసిపాలిటీ కుళాయి, మా మాటలో నల్లా, మా వంతులో పడింది. వాళ్లకు బావే దిక్కు.

చిన్నబాపు భార్యను నేను చిన్నవ్వ అనేదాన్ని. ఆమెది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు పల్లె. మాటల మధ్య మరాఠీ ముక్కలు దొర్లేవి. పెళ్లయి వచ్చిన కొత్తలో గల్లీలో ఆడవాళ్లు ఆ మాటలు పట్టుకుని ఏడిపిస్తే, మా అవ్వ, అంటే మా అమ్మ, కొంగు బిగించి వాళ్లతో కొట్లాటకు పోయిందట. అవ్వకు తోబుట్టువులు లేరు. లోకంలో ఆమెను అక్కా అని నోరారా పిలిచే మనిషి చిన్నవ్వ ఒక్కతే. గోడ లేచాక కూడా పొద్దునా సాయంత్రం ఇద్దరూ ఒకే వేళకు బావి దగ్గరికి చేరేవారు. బొక్కెన వదిలి ముందుకు వంగితే చాలు, మాట బండల కింద నుంచి ఇవతలికి వచ్చేది. కూరలో ఉప్పెక్కువైన సంగతి నుంచి నా చదువు దాకా అన్నీ ఆ బావిలోనే మాట్లాడుకున్నారు.

ఎనభైల్లో మా ఊళ్లో వాస్తు పిచ్చి పట్టుకుంది. ఉన్న తలుపులు మూసి లేని చోట తలుపులు పెట్టుకునేవాళ్లు, మెట్లు కూల్చి మళ్లీ కట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అదే సమయంలో చిన్నబాపు బట్టల దుకాణం దెబ్బతింది. దుకాణం ఉన్న సందులోకి జనం రావడం తగ్గింది, అంతకు మించి కారణం లేదు. కానీ ఆయన వాస్తు చూసే ఒకాయన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పెరడంతా తిరిగి బావి దగ్గర ఆగాడట. తాడు పట్టి పంచిన పెద్దమనుషులకు తట్టని సంగతి ఆయనకు తట్టింది. ఉత్తరం వంతుకు బావి ఆగ్నేయం మూలన పడింది. ఆగ్నేయం నిప్పు మూల, అక్కడ నీళ్లుంటే ఇల్లు బాగుపడదన్నాడు.

చిన్నబాపు మా వాకిట్లోకి వచ్చి నిలబడి అడిగాడు. "అన్నా, బాయి పూడుద్దాం. నా ఇల్లు నాశనమైతున్నది."

బాపు తాలూకాఫీసులో గుమాస్తా. రోజంతా ఇతరుల దరఖాస్తులకు కొర్రీలు పెట్టి, ఇంటికొచ్చాక ఆ అలవాటు వదులుకోలేకపోయిన మనిషి. ఆయనా అదే వాస్తు ఆయన్ని పిలిపించాడు. మా వంతుకు అదే బావి ఈశాన్యం మూలకు వస్తుంది. ఈశాన్యంలో గంగమ్మ ఉన్నది, వేలు కూడా పెట్టొద్దని ఆ మహానుభావుడు ఇటు చెప్పిపోయాడు. ఒకే బావి, ఒకే మనిషి, గోడకు ఇటు శుభం, అటు అశుభం. ఇద్దరి దగ్గరా తాంబూలం పుచ్చుకున్నాడు. నాకిప్పటికీ ఆయన మీద కోపం పోలేదు.

"నా ఈశాన్యంల బాయి నేనెందుకు పూడ్చుకుంట? నీకు అచ్చిరాకపోతే నీ దిక్కు మూత పెట్టుకో," అన్నాడు బాపు.

మాట మీద మాట పెరిగింది. పాత పంపకాల సంగతులన్నీ బయటికొచ్చాయి. చివరికి చిన్నబాపు చెప్పులు వేసుకుంటూ, "ఇగ ఈ ఇంటి నీళ్లు నేను గాని, నా ఇంటోళ్లు గాని ముడితే నా పేరు మార్చి పిలువు," అని వెళ్లిపోయాడు. మా దిక్కున అది మామూలు మాట కాదు. నీళ్లు ముట్టనంటే పెళ్లికీ రారు, చావుకీ రారు. ఇద్దరన్నదమ్ములూ ఆ రోజే తమ తమ ఇళ్లలో ఒకే ఆజ్ఞ వేశారు, అవతలి ఇంటితో మాటల్లేవని.

ఆడవాళ్లిద్దరూ ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించారు, బావి దగ్గర తప్ప. పండుగలకు ఎదురుపడితే తల తిప్పుకునేవారు. సాయంత్రం కాగానే బొక్కెనలు దించి వంగేవారు. ఆ వేళకు బాపు రేడియో గొంతు పెంచేవాడు. ఆయనకు తెలుసనే నా అనుమానం. తెలిసీ వినకుండా ఉండడమే ఆయన చేయగలిగిన మంచితనం.

తర్వాత వానలు ఎగ్గొట్టిన ఏళ్లు వచ్చాయి. నల్లా దినం తప్పి దినం, అదీ సన్నగా వచ్చేది. కొత్త కనెక్షన్లు ఇవ్వడం ఆపేశారు. మా బావి మాత్రం ఎండాకాలంలో కూడా అడుగు చూపలేదు. అయినా బాపుకు భయం పట్టుకుంది. బావి ఎప్పుడైనా ఎండితే ఎట్లా, ఆఖరి వయసులో బిందెలు మోస్తామా అని, ఎండాకాలానికి ఆధారంగా ఇంట్లో బోరు వేయించాలనుకున్నాడు. గల్లీలో అప్పటికి ఎవరింట్లోనూ బోరు లేదు. ఆ గొప్ప కూడా కొంత ఉందేమో.

కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో కాయ అడ్డంగా పెట్టుకుని వాకిలి నుంచి పెరటి దాకా నడిచాడు. ముందు గేటు పక్కన కాయ లేచి నిలబడింది. పెరట్లో బావి పక్కన కూడా లేచింది. రెండు చోట్లా నీళ్లున్నాయి, మీ ఇష్టం అన్నాడు.

"గేటు కాడ ఏపియ్యి. బాయి పక్కన బోరు దింపితే బాయి బతుకుతదా?" అంది అవ్వ.

"బాయి ఊట పైది, బోరు ఊట బండ కిందది. దానికీ దీనికీ సంబంధం లేదు. అయినా నీళ్ల చోటు ఈశాన్యం ఇడిసిపెట్టి గేటు కాడ ఎవడన్న ఏస్తడా?"

"గిప్పటి దాంక బాయి ఇయ్యలేదా నీళ్లు?"

"నీకు తెల్వది, ఊకో."

అవ్వ ఊకుంది. మా ఇంట్లో బాపు అలా అన్నాక మాట్లాడేది ఎవరూ లేరు. నేను ఇంటర్ చదువుతున్నాను, సైన్సు గ్రూపు. నాకూ తెలియదు, బాపు మాటే నిజమనుకున్నాను.

తమిళనాడు నుంచి వచ్చిన బోరు లారీ పెరటి వెనుక గల్లీలోకి దూరింది. లారీ లోపలికి రావడానికి వెనుక ప్రహరీ కొంత కూల్చారు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మిషన్ మొదలుపెట్టారు. ఆ చప్పుడుకు ఇల్లంతా వణికింది, అటకమీది గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. రాతిపొడి మబ్బులా లేచి గోడ దాటింది. చిన్నవ్వ ఆ రోజు మిరపకాయలు ఎండబోసుకుంది. అన్నిటి మీదా బూడిద కురిసినట్టు పొడి పడింది. ఆమె వచ్చి అవి ఎత్తుకుంటున్న అలికిడి కూడా వినిపించనంత హోరు. అవ్వ బావి దగ్గరికి పోయి వంగి ఏదో అరిచింది. జవాబు వచ్చిందో లేదో మిషన్ చప్పుడులో తెలియలేదు.

సాయంత్రానికి పొడి తడిసి బురదైంది, ఆ తర్వాత నీళ్లు పైకి చిమ్మాయి. ఆ తెల్లటి నీళ్లలో బాపు చెప్పులతోనే నిలబడి తడిశాడు. నవ్వాడు. ఆయన అలా పళ్లు కనబడేలా నవ్వడం నేను చూసింది చాలా తక్కువ. గల్లీ జనం చెంబులు తెచ్చుకుని నీళ్లు నెత్తిన చల్లుకున్నారు. చిన్నబాపు ఇంటి తలుపు ఆ రోజంతా తెరుచుకోలేదు.

మోటారు దింపాక మా ఇంట్లో నీళ్లకు కరువన్న మాట లేదు. మీట నొక్కితే చాలు. బాపు ఆఫీసు నుంచి రాగానే పైపు పట్టుకుని వాకిలి తడిపేవాడు, చెట్లు తడిపేవాడు, తడపాల్సిన అవసరం లేని గోడలు కూడా తడిపేవాడు. వచ్చినవాళ్లందరికీ బోరు చూపించేవాడు. చూడడానికి అందులో ఏముంది, నేలలో దిగిన ఇనుప గొట్టం ఒకటి.

ఆ నెల తిరగకుండానే చిన్నవ్వ చేంతాడుకు ఇంకో తాడు ముడివేసుకోవాల్సి వచ్చింది. తర్వాత బొక్కెనలో బురదనీళ్లు వచ్చాయి. ఒక పొద్దున ఆమె బొక్కెన రాతికి తగిలిన చప్పుడు మా పెరట్లోకి వినిపించింది.

"అక్కా," అని పిలిచింది బావిలోంచి. "అడుగు కనబడుతున్నదే."

అవ్వ వంగి చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. లోపలికొచ్చి గిన్నెలు ధనధనా పడేసింది.

"బాయి ఊట వేరే అన్నవు కదా. ఇప్పుడేమాయె? ఆ ఇంటోళ్లు ఏం తాగాలె?" అని బాపును నిలదీసింది.

బాపు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తప్పు తెలిసిందని ఆ ముఖమే చెప్పింది. కానీ నోటితో ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు. "అడుగుమను. వాన్ని నోరు తెరిచి ఒక్కసారి 'అన్నా' అనుమను. గోడ మీద నుంచి పైపు నేనే ఏస్త," అన్నాడు.

చిన్నబాపు అడిగే మనిషైతే ఈ కథే ఉండదు. నీళ్లు ముట్టనని మాట అన్నాడు గదా, ఇక పంతం. చిన్నవ్వ గల్లీ చివరి నల్లాకు పోవడం మొదలుపెట్టింది. ఆ నల్లా దగ్గర ఎండాకాలం జుట్లు పట్టుకునే దాకా పోయేది. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు.

అప్పుడు అవ్వకు ఒక ఆలోచన వచ్చింది. మా అవ్వ బడి మొహం చూడని మనిషి, కానీ ఆ ఆలోచన ఏ వకీలుకూ రాదు. బాపు ఆఫీసుకు, చిన్నబాపు దుకాణానికి పోయాక, మోటారు వేసి, పైపు కొస తీసుకుపోయి మా వైపు నుంచి బావిలో వదిలింది. బోరు నీళ్లు బావి అడుగుకు పడ్డాయి. ఆ చప్పుడుకు చిన్నవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నవక్కా? నీ ఇంటి నీళ్లు ముట్టొద్దని ఒట్టున్నది."

"నా ఇంటి నీళ్లు ఏడున్నయే? నేను నీళ్లు బాయిల పోసుకుంటున్న. బాయి ఇద్దరిది. బాయిలున్నవి బాయి నీళ్లు. నువ్వు చేదుకో."

అటువైపు గిరక కిర్రుమంది. అవ్వ నా వైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

అలా ఆ ఎండాకాలం చాలావరకు గడిచింది. పోసిన నీళ్లలో సగం రాతి పగుళ్లలోకి ఇంకి, మళ్లీ మా బోరులోకే చేరేవేమో. మిగిలిన సగం చిన్నవ్వ గబగబా చేదుకునేది. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు, పొద్దునా సాయంత్రం కాక ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. ఎప్పుడూ లేనంత సంబరంగా ఉండేవారు. భయం ఉన్నచోట మాటలకు రుచి ఎక్కువనుకుంటాను. ఒకరోజు చిన్నవ్వ బండ కింద నుంచి తమ ఊరి తీరున చేసిన జొన్నరొట్టె, మిరపతొక్కు ఒక గుడ్డలో మూటగట్టి గిరక తాడుకు కట్టి బొక్కెనతో ఊపింది. అవ్వ అందుకుంది. నాకు చిన్న ముక్క కూడా పెట్టకుండా తినేసింది.

నీళ్లు మాత్రం తమ గుట్టు దాచుకోలేదు. బావినీళ్లు తియ్యగా ఉండేవి, బోరునీళ్లు చవుడు తగిలేవి. కాచిన గిన్నెకు తెల్లటి పొర కట్టేది. సబ్బు నురగ రాదు. పప్పు ఎంతసేపటికీ ఉడకదు. చిన్నబాపు స్నానం చేసే గంగాళానికి ఆ పొర కట్టింది. ఆయన ఏమీ అడగలేదట. ఒక మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, చెప్పులు చేతబట్టుకుని పెరట్లోకి వచ్చి బావిలోకి వంగాడు.

నేను ఇటువైపు పైపు పట్టుకుని ఉన్న అవ్వ పక్కనే ఉన్నాను. బండ కింద ఆయన ముఖం కనబడింది. పడుతున్న నీళ్ల వంక చూశాడు, పైపు వంక చూశాడు, అవ్వ వంక చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "వదినా, నా పరువు నాకు ఉంచకపోతివి," అన్నాడు, అంతే. ఆ ముఖం వెనక్కి పోయింది.

మరునాడు పొద్దున్నే చిన్నబాపు వాకిట్లోకి ట్రాక్టరు నిండా మొరం మట్టి వచ్చింది. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో బావి ఉండొద్దు, ఎండిన బావి అసలే ఉండొద్దు. ఆయనకు కావలసిన కారణాలన్నీ ఉన్నాయి. ఆయన తన సగం పూడ్చుకుంటున్నాడు. తన సగం ఆయన ఇష్టం.

కానీ సగం బావి పూడ్చడం ఎవరి తరం? అటు పోసిన మొరం బండల కింద నుంచి జారి మా వైపు వచ్చింది. తట్ట తరువాత తట్ట. ఎర్రటి మట్టి మా సగంలో కూడా పైకి లేస్తూ వచ్చింది. అవ్వ బావి ఒడ్డు పట్టుకుని, "చెల్లే! ఓ చెల్లే! జర ఆపుమను," అని పిలిచింది. మాట బావిలోకి పోయింది గాని అవతలి నుంచి ఏమీ రాలేదు. చిన్నవ్వ ఇంట్లో ఉందో, ఆయన ఎదుట నిలబడి ఉందో.

బాపు బనీను మీద బయటికొచ్చాడు. ఉమ్మడి బావి పూడ్చే హక్కు ఒక్కరికి లేదు, పెద్దమనుషుల్ని పిలిస్తే నిమిషంలో ఆగేది. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. నా ఎరుకలో బాపు చెయ్యి ఆమె అలా పట్టుకోవడం అదొక్కసారే. "పోయి చెప్పు. బోరు నీళ్లు నేనే పోసిన, తప్పు నాదేనని చెప్పు. కాల్మొక్కుత."

బాపు పైపు వంక చూశాడు. అది ఇంకా బావి ఒడ్డు మీదే ఉంది. చాలాసేపు చూశాడు. "పూడ్చనీ. ఎట్లైనా ఎండిన బాయే," అని లోపలికి పోయాడు. ఆయన గొంతులో కోపం లేదు. తమ్ముడు తన ముందు ఓడిపోయాడన్న సంతోషం కూడా లేదు. ఏమీ లేకపోవడమే నాకు భయమేసింది.

మాపటికల్లా బావి నేలతో సమమైంది. చిన్నబాపు బండల కింద మిగిలిన సందును ఇటుకలు పెట్టి సిమెంటుతో మూయించాడు. మా వైపు కూడా అందరూ నడిచే నేలైపోయింది. అవ్వ సాయంత్రం అలవాటుగా అక్కడికి పోయి నిలబడి, చేసేదేమీ లేక లోపలికొచ్చేది. అన్నం సగంలో లేచేది. అడిగితే ఆకలి లేదనేది. ఇంటి నిండా నీళ్లుండగా ఎండిపోతున్నది మా అవ్వే అని నాకనిపించి ఏడ్చేదాన్ని.

చిన్నవ్వ మళ్లీ గల్లీ చివరి నల్లాకు పోతోంది. పోతే మా గేటు ముందు నుంచే పోవాలి. నడుమున బిందె, చేతిలో బకెట్టు. తల ఎత్తేది కాదు, ఎందుకంటే చిన్నబాపు అరుగు మీద కూర్చుని ఉండేవాడు. దుకాణానికి పోయేముందు అలా కూర్చోవడం ఆయనకు కొత్తగా అలవాటైంది.

ఒకరోజు నల్లా వచ్చే వేళకు అవ్వ కొంగు నడుముకు దోపి, ఇత్తడి బిందె తీసుకుంది.

"ఎటు?" అన్నాడు బాపు.

"నీళ్లకు."

"ఇంట్ల బోరు పెట్టుకొని?"

అవ్వ గేటు తీసుకుని బయటికి నడిచింది. నేను ఆమె వెనకాల పోయాను. నల్లా దగ్గర బిందెలు, డబ్బాలు, ఎవరి వంతో గుర్తుకు ఇటుక ముక్కలు, పాత చెప్పులు వరుసగా ఉన్నాయి. చిన్నవ్వ వరుస మధ్యలో ఉంది. అవ్వ పోయి ఆమె వెనక బిందె పెట్టి నిలబడింది. చిన్నవ్వ వెనుదిరిగి చూడలేదు గాని, ఆమె మెడ దగ్గర ఏదో సడలినట్టు కనబడింది. అక్కడ ఎవరి గోడా లేదు. నల్లా అందరిది. అవ్వ లెక్క మళ్లీ సరిగ్గానే ఉంది.

"ఎట్లున్నవే?" అంది అవ్వ మెల్లగా, ఆమె వీపుతో.

"మంచిగున్న." చిన్నవ్వ కూడా వీపుతోనే చెప్పింది. "నువ్వో?"

అంతే, వెనక నుంచి ఒకామె అందుకుంది. "పెద్దమ్మా, బోరున్నోళ్లకు ఈడ ఏం పని? ఇంట్ల నల్లా గూడ ఉండె కదా!"

"బోరు నీళ్లతోని పప్పు ఉడుకుత లేదు బిడ్డా," అంది అవ్వ.

"మాకు పప్పే లేదు. జరుగు పక్కకు."

ఇంకొకామె గొంతు కలిపింది. ఇంకొకామె అవ్వ బిందెను కాలితో వరుస బయటికి నెట్టింది. వాళ్ల తప్పేమీ లేదు. పసిపిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చి నిలబడ్డవాళ్లు, ప్రతి బిందె వాళ్ల కళ్ల ముందే పోతుంది. "తోటికోడల్ని తెచ్చుకొని రెండు వంతులు పట్టుదామనుకుంటున్నది, ఈమె బిందె గూడ తీసెయ్యుండ్రి," అని ఎవరో చిన్నవ్వ మీదికే తిప్పారు.

చిన్నవ్వ అప్పుడు వెనుదిరిగింది. అంత దగ్గర నుంచి ఎదురెదురుగా వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఏళ్లయింది. చిన్నవ్వ జుట్టు చాలా నెరిసింది. అవ్వ ఆ జుట్టు వంకే చూస్తోంది. చిన్నవ్వ వంగి, కాళ్ల మధ్య దొర్లుతున్న అవ్వ బిందెను పైకెత్తి, కొంగుతో దుమ్ము తుడిచి, అవ్వ చేతుల్లో పెట్టింది.

"ఇంటికి పో అక్కా," అంది. "నువ్వుంటే నా వంతు గూడ పోతది. ఇగ రాకు."

అవ్వ తలూపింది. మేము వెనక్కి నడిచాం. అరుగు మీద చిన్నబాపు మమ్మల్ని చూసి లేచి లోపలికి పోయాడు. మా వాకిట్లో బాపు నిలబడి ఉన్నాడు. ఖాళీ బిందె చూశాడు, అవ్వ ముఖం చూశాడు. పోయి మోటారు వేశాడు. పైపు కొస పట్టుకొచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు. నీళ్లు ధారగా ఆయన పాదాల మీద పడుతున్నాయి.

అవ్వ బిందె పట్టలేదు.